ముగింపు తెలిసినా వినే కథలు

సమ్మక్క తల్లి ఆ యుద్ధంలో గెలవదు. సారలమ్మ తిరిగి రాదు. జంపన్న వాగులోంచి బయటికి రాడు. ఈ సంగతులు మన గూడేల్లో, తండాల్లో, కాలనీల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా కథ మొదలైందంటే ఎవరూ మధ్యలో లేచి వెళ్ళరు. ఎక్కడ ఏడుపు వస్తుందో ముందే తెలిసిన ముసలమ్మలు, అక్కడికి రాగానే కొంగుతో కళ్ళు తుడుచుకుంటారు.

ఇదెలా జరుగుతుంది? కొత్త సినిమా చూసి వచ్చిన పిల్ల క్లైమాక్సు చెప్పేస్తే హాస్టల్లో మిగతా పిల్లలు కొట్లాటకు దిగుతారు. "చెప్పేశావు, ఇంకేం చూస్తాం" అని అలుగుతారు. క్రికెట్ మ్యాచ్ ఫలితం తెలిశాక రికార్డింగ్ చూసేవాళ్ళు తక్కువ. మరి వందల ఏళ్ళుగా ముగింపు తెలిసిన కథ తరం తర్వాత తరాన్ని ఎలా కూర్చోబెడుతోంది? తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన సంఘం వెలువరిస్తున్న ఈ సంచికలో మీతో ఆ ప్రశ్న గురించే నాలుగు మాటలు పంచుకుంటాను. ఇది కళకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, మన బతుకుకు కూడా సంబంధించినదే.

మేడారం కథ

మేడారం ఇప్పటి ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని కోయ గూడెం. సమ్మక్క సారలమ్మల గురించి కోయ పెద్దలు చెప్పే కథలు అన్నీ ఒకేలా ఉండవు. ఎక్కువగా వినిపించేది ఇది. అడవికి వెళ్ళిన కోయ పెద్దలకు పులుల మధ్య ఆడుకుంటున్న ఒక పసిపాప కనిపించింది. గూడేనికి తెచ్చి పెంచుకున్నారు. ఆమే సమ్మక్క. పగిడిద్దరాజుతో పెళ్ళయింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న పుట్టారు. సారలమ్మ భర్త గోవిందరాజులు.

పగిడిద్దరాజు కాకతీయులకు కప్పం కట్టే దొర. వరుసగా కరువు వచ్చింది. పంట లేదు, తినడానికే గింజ లేదు. కప్పం కట్టలేమన్నాడు. ఓరుగల్లు సైన్యం అడవి మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, గోవిందరాజులు, నాగులమ్మ, సారలమ్మ ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఓటమి చూడలేక జంపన్న సంపెంగ వాగులో దూకాడు. అందరూ పోయాక కూడా సమ్మక్క పోరాడింది. ఎదురుగా నిలవలేనివాళ్ళు వెనక నుంచి పొడిచారు. కారుతున్న నెత్తురుతోనే ఆమె చిలకలగుట్ట వైపు నడిచి వెళ్ళి కనిపించకుండా పోయింది. వెతుక్కుంటూ వెళ్ళిన కోయలకు అక్కడ ఒక చెట్టు కింద, పుట్ట దగ్గర, కుంకుమ భరిణె మాత్రమే దొరికింది.

ఇంతే కథ. దాచిపెట్టిన మలుపు ఒక్కటి కూడా లేదు.

మనకు తెలుసు, వాళ్ళకు తెలియదు

కథ వింటున్న మనకు ముగింపు తెలుసు. కథలో ఉన్నవాళ్ళకు తెలియదు. మన గుండె బరువెక్కేది ఈ తేడా వల్లనే.

పసిపాప దొరికిందని కోయ పెద్దలు సంబరపడుతుంటారు. వినే మనకు ఆ సంబరంలోనే దిగులు మొదలవుతుంది. జంపన్న చిన్నప్పుడు ఆడుకున్న వాగు పేరు సంపెంగ వాగు. మనం దాన్ని ఆ పేరుతో పిలవం. మనకది జంపన్న వాగు. అంటే వాగు పేరులోనే ముగింపు ఉంది. ఆ ఒడ్డున జంపన్న నడుస్తున్నాడని చెప్పగానే, "అటు పోకు బాబూ" అని మనసులో అనుకోని తల్లి ఉండదు. ముగింపు తెలియకపోతే ఆ మాట అనుకునేవాళ్ళమా?

ఇది మన ఒక్కరి సంగతి కాదు. దాదాపు రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో, ఏథెన్సు ఊళ్ళో, సోఫోక్లీస్ అనే రచయిత ఈడిపస్ అనే రాజు కథను నాటకంగా ఆడించాడు. ఊరికి తెగులు పట్టింది. పాత రాజును చంపినవాడు ఊళ్ళోనే ఉన్నాడు కాబట్టి తెగులు వచ్చిందని తెలిసింది. వాణ్ణి పట్టుకుని వెళ్ళగొడతానని ఈడిపస్ సభలో ప్రతిజ్ఞ చేస్తాడు. చంపినవాడు తనే. చనిపోయినవాడు తన తండ్రే. ఈ సంగతి నాటకం చూస్తున్నవాళ్ళకు చిన్నప్పటి నుంచి తెలుసు, రాజుకు మాత్రం తెలియదు. అతను ఎంత గట్టిగా ప్రతిజ్ఞ చేస్తే చూసేవాళ్ళకు అంత వణుకు. విషాద నాటకం చూసేవాడిలో జాలినీ భయాన్నీ పుట్టిస్తుందని అరిస్టాటిల్ రాశాడు. మన దేశంలో భరతుడు కరుణ రసానికి శోకం మూలమన్నాడు. పుస్తకం చదవని మన ముసలమ్మల కొంగులు కూడా ఆ మాటే చెబుతాయి.

ముగింపు తెలియని కథలో మన ప్రశ్న ఒక్కటే: తర్వాత ఏమవుతుంది? ముగింపు తెలిసిన కథలో ఆ ప్రశ్నకు చోటు లేదు. దాని స్థానంలో వేరే ప్రశ్నలు వస్తాయి. ఎందుకిలా అయింది? ఎవరి వల్ల అయింది? ఎక్కడ ఆపి ఉండవచ్చు? మొదటి ప్రశ్నకు ఒక్కసారి వింటే జవాబు దొరుకుతుంది. ఈ ప్రశ్నలకు ఎన్నిసార్లు విన్నా పూర్తి జవాబు దొరకదు. అందుకే మళ్ళీ వింటాం.

చెప్పేవాళ్ళ నేర్పు

కోయల కథలు పాడేవాళ్ళను డోలీలు అంటారు. వాళ్ళ దగ్గర పడిగె అనే బొమ్మల గుడ్డ ఉంటుంది. వేల్పుల కథ, వంశాల కథ అందులో బొమ్మలుగా ఉంటుంది. డోలు వాయిస్తూ ఆ కథ పాడతారు. ఈ పద్ధతిలో ఒక విశేషం ఉంది. పుస్తకంలో అయితే చివరి పేజీ వెనక దాగి ఉంటుంది. పడిగె విప్పితే పుట్టుక బొమ్మా, పోరు బొమ్మా ఒకే గుడ్డ మీద కంటికి కనిపిస్తాయి. ముగింపును దాచాలన్న ఆలోచనే చెప్పేవాళ్ళకు లేదు. వాళ్ళ నమ్మకమంతా కథను నడిపే తీరు మీదే.

బుర్రకథ చూసినవాళ్ళకు ఇంకో నేర్పు తెలుస్తుంది. మధ్యలో కథకుడు, ఒక పక్క రాజకీయం చెప్పేవాడు, ఇంకో పక్క హాస్యం చెప్పేవాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు చెబితే ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చేవి. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మూడు కథల ముగింపులూ జనానికి తెలుసు, మూడూ చావులే. అయినా వింటూ మధ్యలో కడుపుబ్బ నవ్వేవాళ్ళు. అప్పటిదాకా నవ్విన గొంతులోకే దుఃఖం వచ్చి పడుతుంది. ఏడిపించే కథలో నవ్వు ఎందుకని అడిగేవాళ్ళకు అదే జవాబు.

మన జగ్గయ్యపేట వైపు నుంచి కృష్ణ దాటితే పల్నాడు. అక్కడ కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్ళు జరుగుతాయి. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో పోయిన వీరులకు ఇప్పటికీ పూజ జరుగుతుంది. వీరుల వారసులమని చెప్పుకునేవాళ్ళు ఊరూరి నుంచి ఆయుధాలు మోసుకుని వస్తారు. అయిదు రోజులకు అయిదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. రోజుల పేర్లే కథలోని ఘట్టాలు. ఆఖరి రోజున వీరులు నేలకొరుగుతారని మొదటి రోజు నుంచే అందరికీ తెలుసు.

ఇందులో మందపోరు రోజును గమనించండి. బ్రహ్మనాయుడు పెట్టిన చాపకూడును ఆ రోజు గుర్తు చేసుకుంటారు. అన్ని కులాలవాళ్ళూ ఒకే చాప మీద కూర్చుని ఒకే కూడు తింటారు. ఆ కాలానికి అది ఎంత పెద్ద మాటో ఆలోచించండి. ఒక్క చాప మీద తిన్న ఆ మనుషులు రెండు రోజుల్లో నేల మీద పడతారని వినేవాడికి తెలుసు. తెలిసి చూస్తే ఆ ముద్ద విలువ పెరుగుతుంది. పోయింది మనుషులు మాత్రమే కాదు, ఆ చాప కూడా పోయిందని అర్థమవుతుంది. ఈ కథను ఆలిశెట్టి గాలెయ్య అనే గాయకుడు పాడగా, అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి 1982లో ఇంగ్లీషు పుస్తకంగా తెచ్చాడు. చదువుకున్నవాళ్ళ పుస్తకాల్లోకి రాకముందు ఎన్నో తరాలు ఆ కథను గొంతుల్లోనే కాపాడాయి.

మన పక్కనే ఉన్న పెనుగంచిప్రోలు

మన మెట్ట ప్రాంతంలో తిరుపతమ్మ కథ తెలియని ఇల్లు లేదు. గోపినేనిపాలెంలో పుట్టి, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలుకు కోడలిగా వచ్చిన అమ్మాయి. అత్త ఆరళ్ళు, తోటికోడలి చాడీలు. పశువులను తోలుకుని అడవికి వెళ్ళిన భర్త గోపయ్యను పులి చంపింది. రోగం వచ్చిన తిరుపతమ్మను ఇంట్లో ఉంచకుండా పశువుల కొట్టంలో పడేశారు. చివరికి అగ్నిలో కలిసిపోయింది. ఇప్పుడు ఆమె పేరంటాలు, దేవత. 1963లో ఎన్టీ రామారావు, కృష్ణకుమారి నటించగా ఆమె కథ సినిమాగా కూడా వచ్చింది. తిరునాళ్ళకు మన తండాల నుంచి, కాలనీల నుంచి ఎంతమంది వెళతారో మీకు తెలుసు.

ఈ కథ విన్నప్పుడల్లా మా హాస్టల్ ఆడపిల్లలు మహిమల దగ్గర ఆగరు. "వాళ్ళ అమ్మావాళ్ళు వచ్చి తీసుకుపోవచ్చుగా టీచర్?" అంటుంది ఒకతె. "కొట్టంలో పడేస్తుంటే ఊళ్ళోవాళ్ళు ఎవరూ అడగలేదా?" అంటుంది ఇంకొకతె. నేను అడ్డుకోను. విషాద కథ మనతో చేయించాల్సిన పని అదే. దేవతకు దండం పెడుతూనే, ఆ అమ్మాయికి ఎవరు అడ్డం నిలబడి ఉండాల్సిందని అడగాలి.

ఎందుకంటే ముగింపు తెలిసిన కథలు పాటల్లోనే లేవు. హాస్టల్ వార్డెన్‌గా నేను చూసే ఒక కథ ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల సంక్రాంతి సెలవులకు పెట్టె సర్దుకుని వెళుతుంది. సెలవులు అయిపోతాయి, పిల్ల రాదు. ఫోన్ చేస్తే "ఒంట్లో బాగాలేదు మేడం" అంటారు. రెండో వారం "సంబంధం కుదిరింది" అంటారు. తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. పద్దెనిమిది నిండకముందే కాన్పు, రక్తం తక్కువ, చదువు ఆగిపోవడం, మిరప కోతలకు వలస. కథ చెప్పే డోలీకి తెలిసినంత స్పష్టంగా ఈ ముగింపు మనకు తెలుసు.

లంబాడీ పెళ్ళిలో పెళ్ళికూతురు ఏడుస్తూ పాడే ఢావ్లో మీరు వినే ఉంటారు. ఆమె ఏడుస్తుందని అందరికీ తెలుసు, ఎప్పుడు ఏడుస్తుందో కూడా తెలుసు. అయినా ఆ గొంతు లేవగానే తండా అంతా కరిగిపోతుంది. అది మన ఆస్తి, దాన్ని పోగొట్టుకోకూడదు. కానీ ఆ ఢావ్లో పాడే పిల్లకు పద్నాలుగేళ్ళయితే, అక్కడ ఏడ్చి ఊరుకోవడం సరిపోదు.

కథలో ముగింపు మారదు. బతుకులో మారుతుంది. "ఎక్కడ ఆపవచ్చు" అన్న ప్రశ్న కథ దగ్గర నేర్చుకుని బతుకు దగ్గర అడగాలి. 2006 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరం. 1098కి ఎవరైనా ఫోన్ చేయవచ్చు. అన్నలు, తమ్ముళ్ళు అడ్డం నిలబడితే ఆగిన పెళ్ళిళ్ళు నేను చూశాను. ఆ పిల్లలు తర్వాత ఇంటర్ పాసై ఫోన్ చేస్తే కలిగే సంతోషం ఇంకోటి లేదు.

సినిమా ఇచ్చిన ముగింపు

మీరంతా 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా చూశారు. అందులో భీం గెలుస్తాడు. అది కల్పిత కథ. చూసి ఈల వేయడంలో తప్పు లేదు. నిజంగా అయితే కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి గోండులు, కొలాములు జోడేఘాట్ కొండ ఎక్కి ఆయన్ను తలచుకుంటారు. గెలిచిన భీం థియేటర్లో మూడు గంటలు ఉంటాడు. పోయిన భీం ఎనభై ఏళ్ళు దాటినా ఏటేటా కొండ ఎక్కిస్తున్నాడు. ఎందుకు? అడవి మీద, భూమి మీద, నీళ్ళ మీద ఆయన అడిగిన హక్కు ఇంకా పూర్తిగా తేలని లెక్క కాబట్టి.

1974లో కృష్ణ నటించిన అల్లూరి సీతారామరాజు సినిమాకు వెళ్ళినవాళ్ళకు కూడా ముగింపు తెలుసు. 1924 మే 7న అల్లూరిని కాల్చి చంపారని బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ పోరు ఎందుకు మొదలైందని అడిగితే ఎంతమంది చెబుతారు? అడవి చట్టాలు పోడుకు అడ్డం వచ్చాయి. గూడెం కొండల్లో రోడ్డు పనికి గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించారు. ముఠాదారుల హక్కులు కత్తిరించారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడికి వెనక ఇంత కథ ఉంది. అల్లూరితో నడిచిన గాం గంటందొర ఆ పోరులోనే చనిపోయాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర అండమాన్ జైలుకు వెళ్ళి, తిరిగి వచ్చి, 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ముగింపు ఒక్కటే గుర్తు పెట్టుకుంటే ఒక్క వీరుడే మిగులుతాడు. "ఎందుకు" అని అడిగితే ఆయన వెనక ఉన్న మన వాళ్ళు కూడా కనిపిస్తారు.

మేడారంలో జనం చేసేది

ఇప్పుడు మళ్ళీ మేడారానికి వద్దాం. రెండేళ్ళకు ఒకసారి మాఘ మాసంలో నాలుగు రోజుల జాతర. 1996లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. మన వైపు నుంచి కూడా ఖమ్మం మీదుగా బస్సుల్లో, ట్రాక్టర్లలో వెళతారు.

అక్కడ జరిగేది చూడండి. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజులు గద్దెలకు చేరతారు. రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. కథలో చెల్లాచెదురై చనిపోయిన కుటుంబం ఇక్కడ మళ్ళీ ఒక్కచోట కలుస్తుంది. సమ్మక్క గుట్ట దిగేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతాడు. కథలో రాజు సైన్యం ఆమెను వెనక నుంచి పొడిచింది. ఇప్పుడు ప్రభుత్వమే ఎదురుగా నిలబడి గౌరవిస్తుంది.

ఇంకొకటి. భక్తులు తమ ఎత్తు బెల్లం తూచి అమ్మకు ఇస్తారు. దాన్ని బంగారం అంటారు. ఆ కుటుంబం చనిపోయింది కరువులో కప్పం కట్టలేకనే. ఇవాళ ఎవరూ అడగకుండా, ఏ సైన్యమూ రాకుండా, జనం తమంత తాము ఆ తల్లికి తూచి ఇస్తున్నారు. కప్పం అడిగిన కాకతీయ రాజ్యం 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో కూలిపోయింది. కోట రాళ్ళు చూడటానికి టికెట్టు కొనుక్కుని వెళతాం. గుట్ట మీది తల్లి దగ్గరికి బెల్లం ఎత్తుకుని వెళతాం.

నాలుగో రోజు అందరూ వనప్రవేశం చేస్తారు. కుటుంబం మళ్ళీ విడిపోతుంది, సమ్మక్క మళ్ళీ గుట్టకు వెళ్ళిపోతుంది. అది కూడా జనానికి ముందే తెలుసు. అయినా రెండేళ్ళకు మళ్ళీ వస్తారు. నాకు అర్థమైనంతలో, వాళ్ళు కథ ఏమవుతుందో చూడటానికి రావడం లేదు. ఆ కథలో తమ వంతు పని చేయడానికి వస్తున్నారు. ఆ రోజు ఆ కుటుంబం పక్కన ఎవరూ లేరు. ఇప్పుడు మేమున్నామని చెప్పడానికి వస్తున్నారు.

మీకు అప్పగిస్తున్న పని

ఒక భయం మాత్రం ఉంది. "ఎందుకు" పోయిందంటే మహిమ ఒక్కటే మిగులుతుంది. కరువు, కప్పం, వెన్నుపోటు మరిచిపోయి బెల్లం, కొబ్బరికాయ, సెల్ఫీ మిగులుతాయి. అప్పుడు కథ మనది కాకుండా పోతుంది.

అందుకని ఈ సెలవుల్లో మూడు పనులు చేయండి. మీ ఇంట్లో, మీ తండాలో, మీ కాలనీలో పాత కథ తెలిసిన అవ్వ, తాత ఎవరున్నారో వెతకండి. వాళ్ళ అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి, మధ్యలో ఆపకండి, తొందరపెట్టకండి. ఒకే కథను ఇద్దరు వేరేగా చెబితే ఏది నిజమని తగువు పెట్టుకోకండి, రెండూ రాసుకోండి. కథ అయిపోయాక వాళ్ళను ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "అవ్వా, ఇది ఎక్కడ ఆగి ఉండాల్సింది?" ఆ జవాబు తేదీతో సహా రాసి పెట్టుకోండి. మీ చుట్టూ జరిగేవాటిలో ముగింపు తెలిసిన కథ ఏదైనా కనిపిస్తే, ఆ జవాబు తీసి చదువుకోండి. అక్కడ ముగింపు ఇంకా రాయలేదు.

వీరులకు, వీరవనితలకు జోహార్లు.